అరుగుమీది బడి

ప్రతి నెల మొదటి దినమున కోటబొమ్మాళి మండలములోని ఏ గ్రామమునకు వెళ్ళినను, సచివాలయ ఉద్యోగులు ఇంటింటికి తిరిగి వృద్ధాప్య పింఛను అందించుట కానవచ్చును. 2024 జూలై నుండి ఈ పింఛను నెలకు 4,000 రూపాయలైనది. అరుగుపై కూర్చున్న అవ్వ యంత్రముపై వ్రేలు మోపును, నోట్లు లెక్కించుకొనును. నోట్ల విషయములో ఆమెను మోసగించుట సులభము కాదు. రంగును, పరిమాణమును బట్టియే ఆమె పోల్చుకొనగలదు. కాని అంతలో ఇంటిలోని ఫోనుకు ఏదో సందేశము వచ్చినచో మనుమరాలిని పిలిచి, "ఏటి రాసుందో సూడే గుంటా" అని అడుగును. మనుమరాలు చదివి చెప్పును. ఆమె బడికి వెళ్ళిన సమయమున వచ్చిన సందేశమును చదువువారెవరు?

2011 జనాభా లెక్కల ప్రకారము నాటి శ్రీకాకుళం జిల్లాలో అక్షరాస్యులు నూటికి సుమారు 62 మంది. స్త్రీలలో నూటికి 52 మంది మాత్రమే. మిగిలినవారిలో పెద్దవయస్సు వారే అధికులని వేరుగా చెప్పనక్కరలేదు. ఈ ప్రాంతమునకు మరొక స్థితి కూడ కలదు. నడివయస్సు వారు పనులకై విశాఖపట్నము, హైదరాబాదు, చెన్నై చేరుచుండగా, పెక్కు ఇండ్లలో అవ్వాతాతలు, బడిపిల్లలు మాత్రమే మిగులుచున్నారు. పెద్దలను పిల్లలను ఒకచోట చేర్చవలెనని పట్టణములలో సభలు జరుపుచుందురు. ఇచ్చట వారు ముందే ఒకే కప్పు క్రింద నున్నారు. కావలసినది వారిరువురికి కలసి చేయదగిన పని.

అట్టి పనికి అవకాశము కల్పించు పథకమొకటి 2022లో దేశమంతట ప్రారంభమైనది. దానికి 'ఉల్లాస్' అని పేరు. 2027 వరకు నిర్ణయింపబడిన ఈ పథకము 15 సంవత్సరములు నిండిన నిరక్షరాస్యులందరికి ఉద్దేశింపబడినది. ఎంత వృద్ధులైనను చేరవచ్చును. బోధించువారికి జీతము లేదు. పాఠశాల, కళాశాల విద్యార్థులు, ఉపాధ్యాయులు, అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తలు స్వచ్ఛందముగా బోధింపవచ్చును. తుదకు 150 మార్కుల పరీక్ష కలదు: చదువుటకు 50, వ్రాయుటకు 50, లెక్కలకు 50. ఇందు తప్పినవారని ఎవరికిని ముద్ర వేయరు. ఇంకను అభ్యాసము కావలెనని చెప్పి మరల అవకాశమిత్తురు. పరీక్షయన్న మాటకే బెదరు పెద్దలకు ఈ సంగతి ముందుగా తెలుపుట మంచిది.

"ఇప్పుడు నాకేటి సదువు బాబూ, యేలిముద్ర సాలదా?" అని అడుగు అవ్వలు కలరు. ఇది త్రోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. యంత్రము వ్రేలిని గుర్తించును, నిజమే. కాని ఆ వ్రేలితో ఖాతా నుండి 1,000 రూపాయలు తీసిరో, 3,000 తీసిరో చీటీ చూచినగాని తెలియదు. మందుసీసాపై కాలము తీరిన తేదీ యున్నదా, వచ్చిన బస్సు టెక్కలికి పోవునదా, నరసన్నపేటకు పోవునదా యనునవి కూడ వ్రేలిముద్రకు అందని విషయములే.

ఇచ్చట మా శాఖవారి లోపమును కూడ కొంత చెప్పుకొనవలసియున్నది. ప్రపంచ వృద్ధుల దినమును అక్టోబరు 1న జరుపవలెనని ఐక్యరాజ్య సమితి 1990లో నిర్ణయించినది. అట్టి ఒక దినమున మేము ఒక ఊరిలో సభ ఏర్పాటు చేసితిమి. శాలువలు కప్పితిమి, ఫొటోలు తీయించితిమి. నలుగురు వక్తలు మాటలాడిరి. వృద్ధులలో సగము మంది కునుకు తీసిరి. పిల్లలు ఎండలో కూర్చుండి చప్పట్లు కొట్టిరి. రెండు గంటలలో ఒక పిల్లవాడును ఒక వృద్ధునితో ఒక్క మాటయైన ఆడలేదు. మరునాడు పత్రికలో మాత్రము సభ దిగ్విజయమని వచ్చినది. ఆ వార్త వ్రాసి పంపినది మేమే.

పెద్దలకు చదువు చెప్పుట మన రాష్ట్రమునకు క్రొత్త కాదు. 1952 అక్టోబరు 2న ప్రారంభమైన సమాజ వికాస పథకములో వయోజన విద్య ఒక భాగము. 1978లో జాతీయ వయోజన విద్యా కార్యక్రమము, 1988లో జాతీయ అక్షరాస్యతా మిషను వచ్చినవి. నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమము జరిగినపుడు దూబగుంట స్త్రీలు వాచకములోని ఒక కథను చదివి, చర్చించుకొని, ఊరి సారాదుకాణమునే మూయించిరి. ఆ కదలిక జిల్లాలు దాటి, 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధమునకు దారితీసినది. అయినను పెక్కుచోట్ల నేర్చిన అక్షరములు కొలదికాలములోనే మరపునకు వచ్చినవి. బోధించిన యువకుడు ఉద్యోగమునకై ఊరు విడిచిపోవుట, చదువుటకు తరువాత ఏమియు లేకపోవుట అందుకు ముఖ్యకారణములని మా అభిప్రాయము. ఇంటిలోని మనుమరాలు గురువైనచో ఈ చిక్కు కొంత తీరును. ఆమె ఎట్లును ప్రతి సాయంకాలము అదే అరుగుపై పాఠము చదువుకొనును గదా!

బోధన ప్రారంభించుటకు ముందు కన్నులు పరీక్ష చేయింపవలెను. "బుర్రకెక్కుట లేదు" అను వృద్ధులలో పలువురికి అక్షరమే కనబడుట లేదు. శుక్లములున్నవేమో ఆరోగ్య కేంద్రమున చూపించి, కళ్ళద్దములు వచ్చిన పిదప పలక పట్టించుట ఉచితము. అ, ఆ లతోనే మొదలిడవలెనను పట్టుదల అక్కరలేదు. తన పేరు, ఊరి పేరు, అంకెలు మొదట నేర్పవచ్చును. కోటబొమ్మాళి అను మాటలో మకారమునకు ఒత్తు కలదు, ళకారము కలదు. పండితుల క్రమములో ఇవి చివరి పాఠములు. కాని రైలుస్టేషను పలకపై ఏండ్ల తరబడి ఆ పేరును చూచిన తాతకు అది ఇదివరకే బొమ్మగా పరిచితము. ఆ బొమ్మను అక్షరములుగా విడదీసి చూపిన చాలును. ఒక్కొక్క పిల్లవాడు ఇద్దరు ముగ్గురికి మించి చెప్పరాదు. తప్పు వ్రాసినపుడు పదిమందిలో నవ్వరాదు. వరినాట్లు, కోతల దినములలో బడి నిలిపినను నష్టము లేదు.

పిల్లవాడు ఇచ్చువాడు, తాత పుచ్చుకొనువాడు అను భావము ఏర్పడినచో తాత నాలుగవ నాటికి రాడు. ఇది మేము పలుమార్లు గమనించినదే. కనుక ప్రతి పాఠమునకు బదులుగా తాత ఒక సంగతి చెప్పవలెను, పిల్లవాడు దానిని నోటుపుస్తకములో వ్రాసికొనవలెను. నారాయణవలస పశువుల సంతకు తాత వెంట వెళ్ళిన పిల్లవాడు ఎద్దు వయస్సు తెలిసికొను విధము నేర్చును: క్రింది దవడ ముందుభాగమున పాలపండ్లు రాలి, జతజతగా నాలుగు జతల పెద్దపండ్లు వచ్చును, నాలుగవ జత వచ్చుసరికి సుమారు నాలుగైదేండ్లు నిండును, అటుపై అరుగుదలయే లెక్క. పిల్లవాడు 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ తుపానును ఎరుగును. 1980లో వంశధార పొంగినప్పటి సంగతి తాతయే చెప్పవలెను. నీరు ఏ వీధి వరకు వచ్చినది, జనము ఏ మెరకకు చేరిరి అను వివరములు గ్రామమునకు ఎన్నటికైన అక్కరకు వచ్చునవే.

కొత్తమ్మతల్లి జాతర దినములు ఇట్టి ఇచ్చిపుచ్చుకొనుటకు మిక్కిలి అనుకూలములు. రొమ్మునకు రేకుతప్పెట, కాళ్ళకు గజ్జెలు కట్టి ఆడు తప్పెటగుళ్ళు ఈ ఉత్తరాంధ్రపు సొత్తు. ఆ పాటలు పెక్కు గురువుల నోటనే కలవు గాని కాగితముపై లేవు. పాట తెలిసిన తాతకు వ్రాత రాదు. వ్రాత వచ్చిన మనుమనికి పాట రాదు. ఒక సెలవుదినమున ఇరువురిని ఒక అరుగుపై కూర్చుండబెట్టినచో ఒక పాటయైన పుస్తకమునకెక్కును. తాతకు కూడ తాను ఎరిగిన పాటకంటె చదువుటకు తేలికైన వాచకము దొరకదు: మాట ముందే నోటికి వచ్చును, కన్ను దాని వెంట నడచును.

చేరగోరువారు తమ ఊరి పాఠశాల ప్రధానోపాధ్యాయుని గాని, గ్రామ సచివాలయమును గాని సంప్రదింపవచ్చును. బోధింపగోరు విద్యార్థులు కూడ అచ్చటనే పేరు నమోదు చేయించుకొనవచ్చును. పిల్లలు వ్రాసిన నోటుపుస్తకములను సంవత్సరాంతమున పారవేయక గ్రామ పాఠశాలలో భద్రపరుపవలెనని ఉపాధ్యాయులను కోరుచున్నాము. మరుసటి ఏడు అవ్వాతాతలు చదువుకొనుటకు వేరు పుస్తకములు వెదుకనక్కరలేదు.