పదిమంది చందా... పూర్తధర్మం

దసరా సమీపిస్తున్నదంటే గోదావరిఖని వీధులలో రసీదు పుస్తకాలు దర్శనమిస్తాయి. దేవీ నవరాత్రులు, బతుకమ్మ వేడుకలు వరుసగా వస్తాయి. సింగరేణి సంస్థ లాభాలలో వాటా కార్మికుల చేతికి అందేదీ సాధారణంగా ఈ రోజులలోనే. వాడకట్టులో అందరికీ ఉపయోగపడే ఒక భవనాన్ని నిర్మించుకోవాలనే సంకల్పం కూడా తరచుగా ఇప్పుడే కలుగుతుంది. ఆ సంకల్పం ఎంత పవిత్రమైనదో, దానిని నెరవేర్చడంలో ఎంత జాగరూకత అవసరమో శాస్త్రదృష్టితో పరిశీలిద్దాం.

గని కలిపిన బంధుత్వం

సింగరేణి బొగ్గు తవ్వకాలు 1889లో ఇల్లందు ప్రాంతంలో ఆరంభమయ్యాయి. 1960వ దశకంలో రామగుండం ప్రాంతంలో గనులు వెలిసిన తరువాత, ఎన్నో జిల్లాల నుండి, ఇతర రాష్ట్రాల నుండి కుటుంబాలు వచ్చి ఇక్కడ స్థిరపడ్డాయి. సొంత ఊరిలో తరతరాల చుట్టరికం ఉంటుంది. ఇక్కడ మాత్రం ప్రక్క క్వార్టరువారే చుట్టాలు. గనిలో ఒకరి ప్రాణం మరొకరి అప్రమత్తతపై ఆధారపడి ఉంటుంది. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోనికి నీరు చొచ్చుకువచ్చి 17 మంది కార్మికులు అసువులు బాశారు. అటువంటి ఆపద వచ్చినప్పుడు బంధువుల కంటె ముందుగా గుమ్మం ముందు నిలిచేది వాడకట్టే.

అయితే ఆ వాడకట్టు కూర్చోవడానికి చోటేది? రెండు గదుల ఇంటిలో సీమంతం జరిపినా, పెద్దకర్మ జరిపినా వీధిలో టెంటు వేయవలసిందే. వాన పడితే వంట చెడుతుంది. రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చి నిద్రిస్తున్నవాని గోడకు ఆనుకొని మైకు మ్రోగుతుంది. అందువల్ల ఈ ప్రాంతంలో సామూహిక భవనం విలాసం కాదు, అవసరం.

ఇష్టం, పూర్తం

మన పూర్వులు పుణ్యకర్మలను ఇష్టం, పూర్తం అని రెండుగా విభజించారు. యజ్ఞయాగాదులు ఇష్టం. బావులు, చెరువులు, ఆలయాలు, తోటలు, అన్నదానం పూర్తం. ‘ఇష్టాపూర్తం’ అనే మాట ఋగ్వేదంలోనే ఉన్నది. ఇష్టకర్మలకు అధికార నియమాలు అనేకం. పూర్తకర్మకు మాత్రం అందరూ అర్హులేనని స్మృతులు విధించాయి. అనగా వేదం చదవనివాడు, యజ్ఞం చేయలేనివాడు కూడా పదిమందికి నీడ కల్పించి పుణ్యాన్ని ఆర్జించవచ్చును. బొగ్గు మసి అంటిన చేతులతో ఇచ్చిన వంద రూపాయలకు ధర్మశాస్త్రంలో ఇంతటి గౌరవస్థానం ఉన్నది.

సమష్టిగా ధనం కూర్చడం కూడా మనకు క్రొత్త కాదు. వర్తకులు తాము అమ్మే సరుకుపై ఇంత అని నిర్ణయించుకొని ఆలయాలకు సమర్పించిన వాటాను మన ప్రాచీన శాసనాలు ‘మగమ’ అని పేర్కొన్నాయి. దానిని శిలపై చెక్కించడంలో ఒక వివేకం ఉన్నది. ఎవరు ఎంత ఇవ్వాలో, అది దేనికి వినియోగం కావాలో అందరికీ తెలియాలి. ఆ శాసనమే ఆనాటి లెక్కల పుస్తకం.

తాళంచెవి ఎవరిది?

పూర్తకర్మలో చివరి ఘట్టం ‘ఉత్సర్గం’. చెరువు త్రవ్వించినవాడు దానిని సకల ప్రాణులకూ విడిచిపెడుతున్నానని సంకల్పించి జలం వదలాలి. సాధారణ దానంలో స్వీకరించేవాడు ఒకడు ఉంటాడు. ఉత్సర్గంలో ఒక్కడంటూ ఉండడు, లోకమంతా ఉంటుంది. ఆ క్షణం నుండి దాతకు దానిపై యాజమాన్యం లేదు. తానూ పదిమందిలో ఒకడుగా వచ్చి ఆ నీరు త్రాగవలసినదే.

చాలా ఏండ్ల క్రితం ఒక వాడవారు నూతన భవన ప్రవేశానికి ముహూర్తం పెట్టమని నా వద్దకు వచ్చారు. ముహూర్తం కుదిరింది కాని శిలాఫలకం కుదరలేదు. ఎవరి పేరు ముందు ఉండాలన్న వివాదంతో ఆ భవనానికి నెలల తరబడి తాళం పడింది. ఆ వర్షాకాలంలోనే, మూసి ఉన్న ఆ తలుపుల ఎదుట, టెంటు క్రింద తడుస్తూ ఒక పెద్దకర్మ జరిపించాను. గోడలు లేచాయి, కప్పు పడింది, ఉత్సర్గం మాత్రం జరగలేదు. అది ఇటుకల కట్టడమే కాని పూర్తం కాలేదు. ఆ వాడవారికి ఈ మాట ముందుగానే చెప్పి ఉండవలసినదని నేటికీ నాకు అనిపిస్తుంది.

యథాశక్తి

చందా విషయంలో మరొక ధర్మసూక్ష్మం ఉన్నది. 2024లో సింగరేణి సంస్థ 2023-24 లాభాలలో వాటాగా 796 కోట్ల రూపాయలను ఉద్యోగులకు పంచినది. కాంట్రాక్టు కార్మికులకు ఆ యేడు తొలిసారిగా 5,000 రూపాయల చొప్పున లభించినది. ఒకే వీధిలో ఈ ఇరువురూ నివసిస్తారు. ఇద్దరికీ ఒకే మొత్తం రసీదు వ్రాయడం సమానత్వంగా కనిపిస్తుంది కాని ధర్మం కాదు. శాస్త్రం చెప్పిన మాట ‘యథాశక్తి’. కుటుంబాన్ని పస్తులుంచి ఇచ్చే దానాన్ని స్మృతులు మెచ్చలేదు. బలవంతాన తెచ్చిన ధనంతో చేసిన పుణ్యం ఫలించదు. ఇవ్వలేనివాడు ఒక పూట ఇటుకలు మోసినా అది చందాయే. ఇచ్చినవానికి, ఇవ్వలేనివానికి కూడా ఆ తలుపు ఒకే విధంగా తెరుచుకోవాలి.

దేవుని పేరిట సేకరించిన ప్రతి రూపాయి దైవధనం. పండుగ ముగిసిన వారంలోగా జమాఖర్చులు అందరి ఎదుట చదివి, గోడపై అతికించడం కూడా పూజలో భాగమే. అది ఉద్వాసన వంటిది.

భవనం నిండుగా ఉండాలంటే

సంవత్సరానికి పది దినాలు తెరిచే భవనం వెలవెలబోతుంది. ఉదయం విశ్రాంత కార్మికులకు భాగవత పఠనం, మధ్యాహ్నం స్త్రీలకు కుట్టుపని, సాయంకాలం పిల్లలకు చదువు, శనివారం భజన. సింగరేణి సేవా సమితి కార్మిక కుటుంబాలవారికి వృత్తి శిక్షణలు నిర్వహిస్తున్నది. అటువంటి తరగతులకు వాడభవనం చక్కని వేదిక కాగలదు. పదవీ విరమణతో క్వార్టరు విడిచిన పెద్దలకు తిరిగి వచ్చి కూర్చోవడానికి ఒక అరుగు ఉండాలి.

ఋగ్వేదం పదవ మండలంలోని సంజ్ఞాన సూక్తంతో ముగుస్తుంది. అది ప్రజల ఐకమత్యాన్ని కోరే సూక్తం. అంతటి మహావేదం చివరి మాటగా మనుష్యుల మనస్సులు కలవాలని కోరడం గమనార్హం. ఈ దసరాకు మీ ఇంటికి రసీదు పుస్తకం వచ్చినప్పుడు శక్తికొలది ఇవ్వండి. ఇచ్చిన పిదప లెక్క అడగండి. భవనం పూర్తయిననాడు పేరు అడగకండి.