బంకులో పెట్రోలుంది, కరెంటు లేదు

2008 వేసవిలో మా గరాజు మూల రెండు ఎర్ర ప్లాస్టిక్ డబ్బాలుండేవి. ఒక్కొక్కటి ఐదు గ్యాలన్లు, రెంటినిండా పెట్రోలు. ఇంకో మూల 20 పౌన్ల సోనామసూరి బస్తాలు నాలుగు, కందిపప్పు, ఉప్పు, అగ్గిపెట్టెలు. గరాజ్ సేల్లో కొన్న పాత సైకిలు ఒకటి. మా ఆయన ఆయిల్ కంపెనీలో ఇంజనీరు. పొద్దున్నే ఆయన నేలలోంచి నూనె తీసే పనికి వెళ్ళేవారు. నేను ఇంట్లో కూర్చుని ఆ నూనె అయిపోయే రోజుకి సిద్ధపడుతుండేదాన్ని.

నవ్వకండి. ఆ జూలైలో పీపా ధర 147 డాలర్లకి వెళ్ళింది. బంకులో గ్యాలను నాలుగు డాలర్లు. పాపకి అప్పుడు ఏడాది. తను నిద్రపోగానే కంప్యూటరు ముందు కూర్చుని ‘పీక్ ఆయిల్’ గురించి దొరికిందల్లా చదివేదాన్ని. ఆ సిద్ధాంతానికి మూలపురుషుడు హబ్బర్ట్ అనే భూగర్భ శాస్త్రవేత్త, మా హ్యూస్టన్‌లోనే షెల్ కంపెనీ పరిశోధనశాలలో పనిచేసినవాడు. 1956లో శాన్ ఆంటోనియోలో జరిగిన ఒక సభలో, అమెరికా చమురు ఉత్పత్తి 1970 దరిదాపుల్లో శిఖరానికి చేరి ఆ తర్వాత దిగడం మొదలవుతుందని చెప్పాడు. చాలామంది కొట్టిపారేశారు. సరిగ్గా 1970లోనే అది జరిగింది. బావిలో నూనె ఉన్నట్టుండి ఖాళీ అయిపోతుందని కాదు ఆయన వాదం. సగం తీసేశాక మిగతా సగం తీయడం కష్టం, ఖరీదు, నెమ్మది అవుతుందని. లోకమంతా ఆ మలుపు దగ్గరికి వచ్చేసిందని 2008లో చాలామంది పెద్దవాళ్ళే అంటుండేవారు. బ్రిటన్ వాళ్ళ ఉత్తర సముద్రపు చమురు 1999 నుంచి దిగుతోంది. మెక్సికో వాళ్ళ పెద్ద క్షేత్రం కాంటరెల్ 2004 తర్వాత జారుతోంది. మాథ్యూ సిమన్స్ అనే హ్యూస్టన్ బ్యాంకరు సౌదీ వాళ్ళ సాంకేతిక పత్రాలన్నీ తిరగేసి, వాళ్ళ నిల్వలు కూడా అనుకున్నంత గట్టివి కావని ఏకంగా పుస్తకమే రాశాడు. 2005లో అమెరికా ఇంధన శాఖ కోసం రాబర్ట్ హిర్ష్ బృందం రాసిన నివేదిక ఇంకా భయపెట్టింది. శిఖరం రావడానికి 20 ఏళ్ళ ముందే మొదలుపెడితే తప్ప ప్రత్యామ్నాయాలు అందిరావట!

20 ఏళ్ళు ఎక్కడ? మాకు కూరగాయల కొట్టు నాలుగు మైళ్ళు. కరివేపాకు కావాలంటే హిల్‌క్రాఫ్ట్ దాకా 20 మైళ్ళ పైనే. కేటీ ఫ్రీవేని అప్పుడే వెడల్పు చేస్తున్నారు, సర్వీసు రోడ్లతో కలిపి 20కి పైగా వరసలు. అంత రోడ్డు చూస్తే, దీనిమీద తిరగడానికి నూనె ఉండదేమో అన్న అనుమానం వీళ్ళెవరికీ రాలేదా అనిపించేది.

పెరట్లో బెండ, గోంగూర, ఆనప వేశాను. హ్యూస్టన్ మట్టి వానకి బంక, ఎండకి పెంకు. నెల రోజులు గునపంతో కుస్తీ పడితే ఏడు బెండకాయలు కాశాయి. ఎరువు బస్తా ఖాళీ అయ్యాక తట్టింది నాకు, ఆ నత్రజని ఎరువు తయారయ్యేదీ సహజవాయువుతోనేనని. కాకినాడలో ఎరువుల ఫ్యాక్టరీ ఉన్నదే మా గోదావరి గ్యాసుని నమ్ముకుని కదా. అంటే చమురు, గ్యాసు లేని రోజుల కోసం గ్యాసు పోసి బెండకాయలు పెంచానన్నమాట.

ఆగస్టులో అమ్మ వచ్చింది. ఆ ఎర్ర డబ్బాలు చూసి, “ఇంట్లో పసిపిల్లని పెట్టుకుని పెట్రోలు దాస్తావేవిటే?” అంది. మా ఆయన చాన్నాళ్ళుగా చెబుతున్నదీ అదే. పైగా పెట్రోలు నెలల తరబడి నిలవుంటే పాడవుతుందని ఆయనకి తెలుసు, నాకు తెలీదు. ఆ వారమే రెండు డబ్బాలూ కార్లలో పోసేశారు.

మూడు వారాలకి ఐక్ వచ్చింది.

సెప్టెంబరు 13 తెల్లవారుజామున గాల్వెస్టన్ దగ్గర తీరం దాటింది. సముద్రానికి దూరంగా ఉన్నవాళ్ళు ఇళ్ళలోనే ఉండండన్నారు. మూడేళ్ళ క్రితం రీటా తుపానుకి ఊరు ఊరంతా రోడ్డెక్కి, ఎండలో గంటల తరబడి కార్లు కదలక, ఉన్న పెట్రోలు అక్కడే అయిపోయి జనం పడ్డ అవస్థ అందరికీ గుర్తే. మేమూ కదల్లేదు. రాత్రంతా ఇల్లు ఊగినట్టే ఉంది. తెల్లారేసరికి 20 లక్షలకి పైగా ఇళ్ళకీ కొట్లకీ కరెంటు లేదు. మాకు తొమ్మిది రోజులు రాలేదు.

నా సన్నాహాల్లో ఉన్న లోటు మొదటిరోజు మధ్యాహ్నమే బయటపడింది. 80 పౌన్ల బియ్యం ఉన్నాయి, వండే దారి లేదు. మా స్టవ్వు కరెంటుది. రైస్ కుక్కరు సరేసరి. అమ్మ ఒక్కమాటా అనలేదు. తుపాను ముందురోజే స్నానాల తొట్టితో సహా ఇంట్లో ఉన్న ప్రతి గిన్నే నీళ్ళు పట్టి పెట్టింది. ఇప్పుడు పెరట్లో పూలమడి చుట్టూ ఉన్న ఇటుకలు మూడు పీకి పొయ్యి చేసింది. కూలిపోయిన మా కంచె చెక్కల్లో కాస్త ఆరినవి ఏరింది. గిన్నె నల్లబడకుండా అడుగుకి తడిమట్టి పూసి అన్నం వండింది. ఆవకాయ ఉండనే ఉంది. “చెక్క ఆరిందా లేదా మీటి చూస్తే తెలుస్తుందండీ, అల్లుడుగారూ!” అని మా ఆయనకి పాఠం చెబుతుంటే ఆ ఇంజనీరు బుద్ధిగా విన్నారు. పాప నీళ్ళు కూడా దానిమీదే కాచాం. పక్కింటివాళ్ళు వాళ్ళ గ్రిల్లు గ్యాసు సిలిండరు అయిపోయాక మాతోపాటు అన్నం తిన్నారు.

మూడోరోజు పెట్రోలు కోసం వెళ్ళాం. నేను అనుకున్నది, లోకంలో చమురు తగ్గిపోతే బంకులు ఎండిపోతాయని. ఇక్కడ జరిగింది వేరు. బంకు నేల కింద ట్యాంకులో వేల గ్యాలన్లున్నాయి. దాన్ని పైకి తోడే పంపుకి కరెంటు లేదు. జనరేటరు ఉన్న బంకు దగ్గర మైలు పొడవు వరస, తక్కినవన్నీ చీకట్లో. చుట్టుపక్కల దేశంలోకెల్లా పెద్ద రిఫైనరీలు. మధ్యలో పసిపిల్లనేసుకుని నేను, నాలుగు గంటలు.

ఆ వరసలో నాకు కోనసీమ గుర్తొచ్చింది. 1990లో ఇరాక్ కువైట్ మీద పడ్డప్పుడు నేను ఏడో క్లాసు. చౌకడిపో ముందు కిరసనాయిలు డబ్బాలు వరసగా పెట్టి, మన డబ్బా ముందుకు జరిపేవాళ్ళకి చెప్పి బడికి పోయేవాళ్ళం. వత్తుల స్టవ్వు మీద పాలూ కాఫీ మాత్రమే. అన్నం రంపపు పొట్టు పొయ్యి మీద. మధ్యలో సీసా నిలబెట్టి చుట్టూ పొట్టు దట్టించి, సీసా మెల్లగా లాగడం నా పని. అయిదేళ్ళ తర్వాత, 1995 జనవరిలో, పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి అంటుకుంది. రెండు నెలలకి పైగా మండింది. రాత్రుళ్ళు మా డాబా మీంచి ఆకాశం ఎర్రగా కనిపించేది. మా నేల కింద అంత గ్యాసుందని మాలో చాలామందికి అప్పుడే తెలిసింది. మా ఇంటికి సిలిండరు వచ్చింది మాత్రం ఇంకో రెండేళ్ళకి. కింద ఎంతుందన్నది ఒక లెక్క, పొయ్యి దాకా ఎంతొస్తుందన్నది ఇంకో లెక్క. నేను మొదటి లెక్క ఒక్కటే చదువుతూ కూర్చున్నాను.

ఆ తర్వాత చరిత్ర మీకు తెలిసిందే. ఆ డిసెంబరుకే పీపా ధర 40 డాలర్ల కిందికి పడింది. షేల్ రాయిని నీళ్ళతో, ఇసకతో పగలగొట్టి నూనె తీయడం మొదలైంది. 2008లో రోజుకి 50 లక్షల పీపాల దగ్గరున్న అమెరికా ఉత్పత్తి 2019కి కోటీ 20 లక్షలు దాటింది. హబ్బర్ట్ శిఖరం కిందే ఉండిపోయింది. ఇంట్లో నన్ను ఆటపట్టించడానికి అదొక్కటి చాలు. కానీ మమ్మల్ని దెబ్బకొట్టిందీ ఆ సమృద్ధే. నూనె ఎక్కువై 2016లో ధర 30 కిందికి వెళ్ళినప్పుడు మా ఆయన ఉద్యోగం పోయింది. పదకొండు నెలలు. నేను దాచిన బియ్యం అసలు పనికొచ్చింది అప్పుడే అంటే అతిశయోక్తి కాదు.

అలాగని ఆ భయమంతా ఉత్తదే అని ఒప్పుకోను. సంప్రదాయ బావుల నుంచి వచ్చే ముడిచమురు 2006లోనే శిఖరాన్ని తాకిందని అంతర్జాతీయ ఇంధన సంస్థే 2010లో రాసింది. ఆ తర్వాత పెరిగినదాంట్లో ఎక్కువ భాగం షేల్ లాంటి కష్టపు నూనె. షేల్ బావి మొదటి ఏడాదిలోనే సగానికి పైగా పడిపోతుంది. ఉత్పత్తి ఉన్నచోటే ఉండాలంటే కొత్త బావులు తవ్వుతూనే ఉండాలి. అదెన్నాళ్ళు సాగుతుందని మా ఆయన్ని అడిగితే, “ధరని బట్టి,” అంటారు. నిజాయితీ అయిన జవాబే, నాకు నిద్ర పట్టించేది మాత్రం కాదు.

2021 ఫిబ్రవరి గడ్డకట్టు చలిలో అదే కథ ఇంకో రూపంలో చూశాం. గ్యాసు బావులూ గొట్టాలూ గడ్డకట్టాయి. కరెంటు కేంద్రాలకి గ్యాసు చాల్లేదు. లోడు తగ్గించడానికి కరెంటు తీసేస్తే, ఆ తీసేసినదాంట్లో గ్యాసుని నెట్టే కంప్రెసర్లకి వెళ్ళేదీ కొంత ఉంది! దాంతో గ్యాసు ఇంకా తగ్గింది. టెక్సాస్‌లో ప్రభుత్వ లెక్క ప్రకారమే 200 మందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది చలికే. మేం మూడు రాత్రులు ఒకే గదిలో రజాయిల కింద పడుకున్నాం.

ఇప్పుడు మా గరాజులో పెట్రోలు లేదు. చిన్న క్యాంపు స్టవ్వు, దాని డబ్బాలు ఎనిమిది, నీళ్ళ క్యాన్లు, చేత్తో తిప్పే రేడియో ఉన్నాయి. మూడు ఇటుకలు కూడా. బియ్యం రెండు బస్తాలే, వాడుతూ నింపుతూ. కారు సగం ట్యాంకు కిందికి దిగకూడదన్నది ఇంట్లో చట్టం. ఈ ఏడు పాపకి లైసెన్సు వచ్చింది. మొదటి రోజే పావు ట్యాంకుతో ఇంటికొస్తే తాళం తీసుకుని మళ్ళీ బంకుకి పంపాను. గొణుక్కుంటూ వెళ్ళింది, పది నిమిషాల్లో నింపుకుని వచ్చింది.