వరద తీసినా వదలని జబ్బులు

1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచింది. 1996 నవంబరు 6న తుపాను కోనసీమ కొబ్బరి తోటల్ని కూల్చింది. పోయిన ప్రాణాలు, పడిన చెట్లు లెక్కకొస్తాయి. బతికినవాళ్ల ఒంట్లో మిగిలిన దెబ్బ ఆలస్యంగా బయటపడుతుంది.

ముందుగా ఎలుక జ్వరం. వరద తీసిన వారం, రెండు వారాలకు వస్తుంది. ఎలుకల మూత్రం కలిసిన బురదలో దిగితే కాళ్ల పగుళ్లు, గాయాల గుండా క్రిములు లోపలికి పోతాయి. చలిజ్వరం, పిక్కల నొప్పులు, కళ్లు ఎర్రబడటం దీని గుర్తులు. మామూలు జ్వరమేలే అని మళ్లీ నాట్లకు దిగితే మూత్రపిండాలు, కాలేయం దెబ్బతినవచ్చు. వెంటనే ఆసుపత్రికి వెళ్లి, బురదలో పనిచేసిన సంగతి డాక్టరుకు చెప్పండి. గాయాలుంటే కట్టు కట్టుకుని, గంబూట్లు వేసుకునే చేలోకి దిగాలి.

రెండోది ఉప్పునీరు. సముద్రపు నీరు చేరిన బావి నీళ్లు కాచినా ఉప్పు పోదు. ఏళ్ల తరబడి తాగితే రక్తపోటు పెరిగే ప్రమాదం ఉంది. గర్భిణులకు మరీ ముప్పు. తాగడానికి మంచినీళ్లు వేరే చూసుకోవాలి.

మూడోది మనసు దెబ్బ. పంట పోయి అప్పు మిగిలిన ఇంట్లో నిద్ర పట్టదు, గాలి వీస్తేనే గుండె దడ. నెలలు గడిచినా తగ్గకపోతే అది పిరికితనం కాదు, జబ్బే. దానికీ వైద్యం ఉంది.

సన్నకారు రైతుకు ఒంటి కష్టమే పెట్టుబడి. చేను బాగుచేసుకునే ముందు ఒళ్లు చూసుకోండి.