నడాల్ ఎడమచేయి, మన పిల్లల కుడిచేయి

కథ ఇలా నడుస్తుంది. రఫెల్ నడాల్ పుట్టుకతో కుడిచేతి వాటం. ఎడమచేత్తో ఆడితే ఎదుటివాడు తికమకపడతాడని వాళ్ల బాబాయి టోనీ చిన్నప్పుడే కుడిచేతిలోంచి రాకెట్ లాగేసి ఎడమచేతిలో పెట్టాడు. దాంతో 22 గ్రాండ్‌స్లామ్‌లు. షటిల్‌లో కరోలినా మారిన్‌దీ ఎడమచేయే, ఆమెదీ స్పెయినే. అంటే అక్కడి అకాడమీల్లో పిల్లల్ని అలాగే తయారు చేస్తారన్నమాట. రియో ఒలింపిక్స్‌లో మన సింధు ఓడిపోయింది కూడా అందుకే.

ఇందులో నిజమున్న ముక్కలు మూడే: 22 గ్రాండ్‌స్లామ్‌లు, రెండు ఎడమచేతులు, రియోలో ఓటమి. మిగతాదంతా అల్లిక. ఆ అల్లికను నమ్మి హైదరాబాద్‌లో అమీర్‌పేట, పంజాగుట్ట చుట్టుపక్కల షటిల్ కోర్టుల్లో ఆరేడేళ్ల పిల్లల చేతులు మార్చేస్తున్నారు. కుడిచేత్తో బంతి విసిరే పిల్లాడు, కుడిచేత్తో బొమ్మలేసుకునే పిల్ల రాకెట్ మాత్రం ఎడమచేత్తో పట్టుకుని సర్వీసు కూడా తగలక నిలబడుతున్నారు. గోడవతల నుంచి నాన్న అరుపు: "లెఫ్ట్! లెఫ్ట్‌తోనే కొట్టు!"

ఇది అమీర్‌పేట నమ్మకమే అనుకోవాలి. మైత్రీవనం పక్కన ఏ కోచింగ్ సెంటర్ బోర్డు చూసినా నలభై ఐదు రోజుల్లో ఏదో ఒకటి నేర్పేస్తామంటుంది. నిన్నటి దాకా జావా రానివాడికి ఇవాళ ఉద్యోగం వచ్చేసిన ఊళ్లో చేతివాటం కూడా ఒక కోర్సేనని తోచడంలో వింతేముంది? ఫీజు కడితే అయిపోతుంది. "లెఫ్ట్‌హ్యాండ్ ట్రైనింగ్" పేరుతో నెలకు ఇంతని అదనంగా వసూలు చేసే కోచ్‌లూ తయారయ్యారు. వాళ్లని అని లాభం లేదు, అడిగేవాళ్లుంటే అమ్మేవాళ్లుంటారు.

ఇక నడాల్ సంగతి. రాయడం, గోల్ఫ్ ఆడటం కుడిచేత్తోనే. టెన్నిస్ మాత్రం ఎడమచేత్తో. కథకు ఆధారం ఇంతే. అసలేం జరిగిందో 2011లో వచ్చిన ఆత్మకథలో ఆయనే చెప్పుకున్నాడు. మరీ చిన్నతనంలో రాకెట్ బరువు ఆనక ఫోర్‌హ్యాండ్, బ్యాక్‌హ్యాండ్ రెండూ రెండు చేతులతోనే కొట్టేవాడు. రెండువైపులా రెండు చేతులతో ఆడేవాళ్లు పెద్ద స్థాయిలో లేరని, ఫోర్‌హ్యాండ్‌కు ఒక చేయి వదిలేయమని టోనీ అన్నాడు. వదిలేశాడు. మిగిలింది ఎడమచేయి, ఎందుకంటే అదే సహజంగా వచ్చింది. ఫుట్‌బాల్ కూడా ఎడమకాలితోనే తన్నేవాడు. పథకం వేసి చేయి మార్పించారన్నది పత్రికలు పుట్టించిన పుకారని నడాల్ అంటాడు, టోనీ కూడా అదే మాట చెబుతూ వచ్చాడు. ఇద్దరూ బతికే ఉన్నారు, మాట మార్చలేదు. మన అపార్ట్‌మెంటు గ్రూపులో ఫార్వర్డ్ చేసే పెద్దమనిషికి వాళ్లకంటే ఎక్కువ తెలుసు కాబోలు.

పైగా ఆ కథ చెప్పేవాళ్లు టోనీ నిజంగా చేసిన పని ఎప్పుడూ చెప్పరు. మయోర్కా దీవిలో మనాకోర్ అనే చిన్న ఊళ్లో నాలుగేళ్ల వయసు నుంచి ఆ పిల్లాడితో ఏళ్ల తరబడి ఆడించాడు. కోర్టు పాడైనా, బంతులు అరిగినా సాకు వినలేదు. ఇరవై ఏళ్లకు పైగా సాగిన ఆ పనిని ఒక చిట్కాగా కుదించేయడం మనకే చెల్లింది.

ఇప్పుడు మారిన్. 2016 ఆగస్టు 19, రియో ఫైనల్. హైదరాబాద్‌లో ఆ రాత్రి టీవీ ముందు కూర్చోనివాళ్లు తక్కువ. మొదటి గేమ్ సింధు 21–19తో గెలిచింది. తర్వాత మారిన్ 21–12, 21–15తో తిప్పేసింది. ఎడమచేయే మంత్రమైతే మొదటి గేమ్‌లో ఆ చేయి ఎక్కడికి పోయింది? అదే ఎడమచేతిని సింధు 2015లో డెన్మార్క్‌లో ఓడించింది, రియో అయిన నాలుగు నెలలకే దుబాయ్‌లో ఓడించింది, 2017లో ఢిల్లీలో ఇండియా ఓపెన్ ఫైనల్లో మళ్లీ ఓడించింది. 2018లో నాన్‌జింగ్ ప్రపంచ ఫైనల్లో మారిన్ గెలిచింది. వాటం మ్యాచ్‌కొకలా మారదు. మారేవి వేగం, ఒంటి స్థితి, ఆ రోజు ఎవరు ముందు దూకారన్నది. ఊపిరి పీల్చుకునే వ్యవధి ఇవ్వకుండా పాయింటు వెంట పాయింటు తోసుకుపోవడం మారిన్ ఆట.

మన ఊళ్లో ఆమెను చూసినవాళ్లకు ఇది తెలియాలి. ప్రీమియర్ బ్యాడ్మింటన్ లీగ్‌లో హైదరాబాద్ హంటర్స్‌కు ఆడింది కదా. 2018 సంక్రాంతి రోజుల్లో ఆ జట్టు గచ్చిబౌలిలో టైటిల్ కొట్టినప్పుడు, ఏడాదిన్నర కింద సింధును ఓడించిన మనిషి కోసం మనవాళ్లే గొంతు చించుకున్నారు. ఉవెల్వా అనే ఊరి నుంచి వచ్చిన పిల్ల, మొదట నేర్చుకున్నది ఫ్లమెంకో నాట్యం. పద్నాలుగేళ్లకే ఇల్లు వదిలి మాడ్రిడ్ శిక్షణ కేంద్రానికి వెళ్లింది. షటిల్‌కు పెద్దగా చరిత్ర లేని దేశంలో కోచ్ ఫెర్నాండో రివాస్‌తో కలిసి ఏళ్ల పాటు అదే పని. 2019లో కుడి మోకాలి లిగమెంట్ తెగింది. 2021లో ఎడమది తెగి టోక్యో ఒలింపిక్స్ పోయాయి. 2024 పారిస్ సెమీఫైనల్లో గెలుపు దగ్గర్లో ఉండగా మళ్లీ కుడి మోకాలు. ఆ ఎడమచేయి గురించి చెప్పేవాళ్లు ఈ మోకాళ్ల ఊసెత్తరు.

స్పెయిన్ అకాడమీలన్నీ చేతులు మార్పిస్తాయన్న మాట తేల్చడానికి అక్కడి టెన్నిస్ ఆటగాళ్ల పేర్లు చదివితే చాలు. కార్లోస్ అల్కరాజ్ కుడిచేయి. ఫెరెరో, ఫెరర్, బ్రుగెరా కుడిచేయి. అరాంచా సాంచెజ్, ముగురుసా కుడిచేయి. నడాల్ దీవికే చెందిన మోయా కూడా కుడిచేయే. ఎడమచేతి వాళ్లూ ఉన్నారు. 1975లో యూఎస్ ఓపెన్ గెలిచిన ఒరాంతెస్, మన తరంలో వెర్దాస్కో, ఫెలిసియానో లోపెజ్. అన్ని దేశాల్లోలాగే అక్కడా కొందరు.

షటిల్‌లో మన సంగతి చూడండి. గోపీచంద్, సైనా, సింధు, శ్రీకాంత్, సాత్విక్ అందరూ కుడిచేతి వాటమే. గుత్తా జ్వాల ఎడమచేయి. 2011 ప్రపంచ చాంపియన్‌షిప్‌లో అశ్విని పొన్నప్పతో కలిసి కాంస్యం తెచ్చింది. ఎవరి వాటంతో వాళ్లు ఆడారు.

ఒక్కచోట మాత్రం ఒప్పుకోక తప్పదు. ఎడమచేతి వాటం వల్ల ఆటలో కొంత లాభం ఉంది. పదిమందిలో ఒకరే అలాంటివారు కాబట్టి మిగతా తొమ్మిదిమందికి వాళ్లతో ఆడటం అలవాటుండదు. టెన్నిస్‌లో ఎడమవైపు కోర్టు నుంచి ఎడమచేతి ఆటగాడు వేసే సర్వీసు కుడిచేతివాడి బ్యాక్‌హ్యాండ్‌ను దాటి బయటికి జారిపోతుంది. 40–30 అయినా, అడ్వాంటేజ్ అయినా పాయింటు వేసేది ఆ వైపు నుంచే. నడాల్ ఎత్తు బంతులు ఫెదరర్ బ్యాక్‌హ్యాండ్‌ను ఎంత ఏడిపించాయో అందరూ చూశారు. షటిల్‌లో ఈకలు ఒకే వరసలో ఒకదానిమీదొకటి పేర్చి ఉంటాయి కాబట్టి కుడి నుంచి కోసిన దెబ్బ, ఎడమ నుంచి కోసిన దెబ్బ ఒకేలా దిగవు. ఒలింపిక్స్ రెండుసార్లు గెలిచిన లిన్ డాన్ ఎడమచేయి మరి.

అయితే ఆ లాభం ఎక్కడెంతో కూడా తెలుసుకోవాలి. 2017లో వచ్చిన ఒక జర్మన్ పరిశోధన ఆరు ఆటల్లో అగ్రశ్రేణి వాళ్లను లెక్కగట్టింది. ఆలోచించే వ్యవధి అతి తక్కువుండే టేబుల్ టెన్నిస్‌లోనూ, బేస్‌బాల్, క్రికెట్ బౌలర్లలోనూ ఎడమచేతి వాళ్లు బాగా ఎక్కువగా తేలారు. టెన్నిస్, షటిల్, స్క్వాష్‌లలో ఆ ఎక్కువ అంతగా లేదు. అంటే మనవాళ్లు మార్పిస్తున్నది లాభం తక్కువున్న ఆటలోనే. పైగా ఈ లాభమంతా అరుదుగా ఉండటంలో ఉంది. కోర్టులో సగంమంది పిల్లల్ని ఎడమకు మార్చేస్తే ఇక ఎవడు తికమకపడతాడు?

క్రికెట్ బ్యాటింగ్ వేరు. బ్యాటు మీద రెండు చేతులూ ఉంటాయి. గంగూలీ కుడిచేతివాడు, బ్యాటింగ్ ఎడమ. మన తిలక్ వర్మ ఎడమచేతి బ్యాటింగ్, కుడిచేతి బౌలింగ్. అటు సచిన్ రాసేది ఎడమచేత్తో, ఆడింది కుడివైపు. ఇలా తిరగేసి నిలబడేవాళ్లు మామూలు ఆటగాళ్లలో కంటే పెద్ద స్థాయిలో చాలా ఎక్కువని 2016లో వచ్చిన మరో అధ్యయనం చెప్పింది. బలమైన చేయి హ్యాండిల్ పైభాగాన ఉండటం కలిసొస్తుందన్నది వాళ్ల ఊహ. సరే, దీన్ని పట్టుకుని రేపు రాకెట్ కూడా అంతే అనకండి. రాకెట్‌కు ఒక చేయే. మణికట్టు తిప్పడం, ఆఖరి క్షణంలో వేళ్లు బిగించడం, షటిల్ ఎంత దూరంలో ఉందో అందుకోవడం అన్నీ ఆ ఒక్క చేతి పనే. ఏ చేయి ముందుండాలన్నది మూడు నాలుగేళ్లు నిండేసరికి చాలామంది పిల్లల్లో స్థిరపడిపోతుంది. వలపట అలవాటైన ఎద్దును దాపట కడితే కాడి లాగదు, మెడ నలగ్గొట్టుకుంటుంది.

చేయి మార్చిన పిల్లాడికి జరిగేది ఇదే. తోటివాళ్లు ర్యాలీలు ఆడుతుంటే వీడు ఇంకా షటిల్‌ను తగిలించడం దగ్గరే ఉంటాడు. బలం చాలక భుజాన్ని విసురుతాడు, మోచేయి నొప్పంటాడు. ఆర్నెల్లకు "నాకు ఆట రాదు" అని వాడే తీర్మానించుకుంటాడు. వచ్చే ఆటను రాదనిపించడానికి మనం ఫీజు కట్టామన్నమాట.

ఇదే ఇళ్లలో ఇంకో తమాషా. నిజంగా పుర్రచేతి వాటంతో పుట్టిన పిల్ల ఉంటే నాయనమ్మ ఆ చేతిమీద కొడుతుంది. ప్రసాదం ఎడమచేత్తో అందుకుంటే కోపం, ఎడమచేత్తో డబ్బులిస్తే కిరాణా కొట్టాయన మొహం చిట్లిస్తాడు. అన్నం, రాత అన్నీ కుడికి మార్పించి, ఆ పిల్ల అన్నను మాత్రం ఎడమచేత్తో షటిల్ ఆడమంటారు. దేవుడిచ్చిన ఎడమచేయి అశుభం, ఫీజు కట్టి తెచ్చుకున్నది అదృష్టం!

స్పెయిన్ ఆటగాళ్ల పేరుతో తిరిగే మిగతా పుకార్లకు ఇంత చోటు అక్కర్లేదు. మెస్సీ స్పెయిన్‌వాడు కాదు, బార్సిలోనాకు ఆడిన అర్జెంటీనావాడు. రొనాల్డోది పోర్చుగల్. 2022లో హైదరాబాద్ ఎఫ్‌సీని ఐఎస్‌ఎల్ విజేతగా నిలిపిన కోచ్ మనోలో మార్కెజ్, బైకుల రేసర్ మార్క్ మార్కెజ్ అన్నదమ్ములు కాదు, మార్క్ తమ్ముడి పేరు అలెక్స్. నడాల్ సీసాలు వరసగా పెట్టుకోవడం మూఢనమ్మకం కాదు, మనసు ఆటమీద నిలవడానికి పెట్టుకున్న అలవాటని ఆయనే చెప్పాడు. పరీక్ష హాల్లో వాటర్ బాటిల్ లేబుల్ తిప్పిపెడితే మార్కులు రావు. మారిన్ అరుపులు సింధు మీద పగతో అన్నది కూడా వదిలేయండి. 2023 డెన్మార్క్ సెమీస్‌లో ఇద్దరికీ పసుపు కార్డులు పడ్డాయి, అరుపుల్లో మనమ్మాయి తక్కువేం తినలేదు. రియోలో మారిన్ నేలమీద పడి ఏడుస్తుంటే ఆమె రాకెట్ తీసి పక్కన పెట్టింది సింధు.

మరి ఏం చేయాలి? పిల్లల్ని కోర్టుకు తీసుకెళ్లే ముందు ఇంట్లోనే బంతి విసరమనండి. ఏ చేత్తో విసిరితే రాకెట్ ఆ చేతికే. ఒకసారి కాదు, కొన్నాళ్లు చూడండి. రెండో చేతికి పనిలేదనుకోకండి. స్మాష్ కొట్టేటప్పుడు ఆ చేయి పైకి లేచి ఉంటేనే ఒళ్లు నిలదొక్కుకుంటుంది, టెన్నిస్‌లో రెండు చేతుల బ్యాక్‌హ్యాండ్‌కు అదే ఆసరా. ఎడమచేతి ఆటగాళ్ల భయం పోవాలంటే వాళ్లలో ఒకరిని వారానికోసారైనా మీ పిల్లాడికి ఎదురు నిలబెట్టమని కోచ్‌ను అడగండి. ఆ భయం పోవడానికి అది చాలు. అమీర్‌పేట నుంచి మెట్రోలో కాస్త దూరం వెళ్తే యూసఫ్‌గూడ కోట్ల విజయభాస్కర్ రెడ్డి ఇండోర్ స్టేడియం. అక్కడ టోర్నమెంటు జరిగే రోజున పిల్లల్ని తీసుకెళ్లి కూర్చోబెట్టండి, ఎడమచేయి గెలవడం, ఓడటం రెండూ కళ్లారా చూస్తారు. చేయి మారుస్తానన్న కోచ్‌తో మాత్రం బేరమాడకండి, కోచ్‌నే మార్చండి.

నిజంగానే పిల్ల ఎడమచేతి వాటమైతే నాయనమ్మకు నచ్చజెప్పడం మీ బాధ్యత, అది మాత్రం ఈ వ్యాసం వల్ల కాదు. రాకెట్ కొనేటప్పుడు ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. కంపెనీ గ్రిప్ మామూలుగా కుడిచేతి పట్టుకు తగ్గట్టే చుట్టి వస్తుంది, ఎడమచేత్తో పట్టుకుంటే అంచులు లేచి అరచేతికి గుచ్చుకోవచ్చు. షాపులోనే విప్పించి తిరగేసి చుట్టించండి, రెండు నిమిషాల పని.