పక్కగదిలో మనుషులున్నా...

మత్తుమందు మోతాదు మించి టీనేజి పిల్లలు చనిపోయారంటే, ఏ పాడుబడిన భవంతిలోనో ఏ చీకటి సందులోనో జరిగి ఉంటుందనుకుంటాం. అమెరికాలో జరిగిన పరిశోధన చెబుతున్నది వేరు. సగానికి పైగా చనిపోయింది సొంత ఇంట్లోనే... చాలాసార్లు దగ్గర్లో మరో మనిషి ఉండగానే!

అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ, 2019 జులై నుంచి 2021 డిసెంబరు దాకా ఇలా మరణించిన 10-19 ఏళ్ల పిల్లల వివరాలను పరిశీలించింది. ఆ రెండున్నరేళ్లలో నెలనెలా నమోదయ్యే మరణాలు రెట్టింపు దాటాయి. ప్రతి ముగ్గురిలో ఇద్దరి విషయంలో ఆ సమయానికి దగ్గర్లో ఎవరో ఒకరున్నారు. అయినా కాపాడలేకపోయారు. కొందరు వేరే గదిలో ఉన్నారు. కొందరికి పిల్లలు మత్తుమందు వాడుతున్న సంగతే తెలియదు. ఇంకొందరు ఆ లక్షణాలను గుర్తుపట్టలేదు.

మాత్రలో మృత్యువు
పోనీ, పిల్లల్లో ఆ అలవాటు పెరిగిందా అంటే అదీ లేదు. పెరిగింది మందు తీవ్రత. శస్త్రచికిత్సల్లో నొప్పి తెలియకుండా వాడే ఫెంటనిల్, హెరాయిన్‌కన్నా 50 రెట్లు శక్తిమంతం. దాన్ని దొంగచాటుగా తయారుచేసి, మందులషాపులో దొరికే నొప్పి మాత్రల్లాగే అచ్చుగుద్ది ఫోన్లలో బేరం పెడుతున్నారు. సీడీసీ పరిశీలించిన మరణాల్లో దాదాపు పావువంతు కేసుల్లో ఈ నకిలీ మాత్రల ఆనవాళ్లున్నాయి. అంటే, ఏళ్ల తరబడి వ్యసనం అక్కర్లేదు. సరదాకో, పరీక్షల ఒత్తిడి తట్టుకోలేకో వేసుకున్న ఒక్క మాత్ర చాలు!

ఊపిరి నిలిపే మందు
ఈ జాతి మందులు మెదడులో శ్వాసను నడిపే భాగాన్ని జోకొడతాయి. ఊపిరి నెమ్మదించి ఆగిపోతుంది. దీనికి విరుగుడు నలోక్సోన్. అమెరికాలో 1971లోనే అనుమతి పొందిన ఈ మందు, మత్తుమందును పక్కకు నెట్టి రెండుమూడు నిమిషాల్లో ఊపిరిని మళ్లీ నడిపిస్తుంది.

దీన్ని డాక్టర్ల చేతుల్లోంచి మామూలు మనుషుల చేతుల్లోకి తెస్తే? 1996లో షికాగోలో ఓ స్వచ్ఛంద సంస్థ ఆ పనే మొదలెట్టింది. తర్వాత మసాచుసెట్స్‌లో 19 ప్రాంతాల్లో మత్తుమందు వాడేవారికీ, వాళ్ల కుటుంబసభ్యులకూ, స్నేహితులకూ శిక్షణనిచ్చి నలోక్సోన్ పంచారు. 2013లో వెలువడిన అధ్యయనం ప్రకారం శిక్షణ పొందినవారు ఎక్కువగా ఉన్నచోట మరణాల రేటు 46 శాతం తక్కువ! 2022లో లాస్ ఏంజెలెస్ ప్రభుత్వ పాఠశాలలు దీన్ని అందుబాటులో ఉంచాలని నిర్ణయించాయి. 2023లో దీని ముక్కు స్ప్రేను చీటీ లేకుండా కొనుక్కునే వీలు కల్పించారు.

అది నిద్ర కాదు
ఎంత పిలిచినా లేవకపోవడం, గొంతులో గరగరమనే గురక, నీలంగా మారిన పెదాలు, గోళ్లు, సూదిమొనంత కంటిపాపలు... ఇవన్నీ ప్రమాద సంకేతాలు. 'పడుకోనిద్దాం' అనుకోకూడదు. వెంటనే అంబులెన్సుకు ఫోన్ చేయాలి. ఊపిరి ఆడుతుంటే పక్కకి తిప్పి పడుకోబెట్టాలి. నలోక్సోన్ ఇచ్చినా ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిందే. దాని ప్రభావం 30 నుంచి 90 నిమిషాలే, ఆ తర్వాత మళ్లీ ఊపిరి ఆగే ప్రమాదం ఉంది.

పోలీసుల భయంతో స్నేహితులు పారిపోకూడదని, ఫోన్ చేసినవారికి రక్షణ కల్పిస్తూ 2007లో న్యూమెక్సికో రాష్ట్రం చట్టం తెచ్చింది. తర్వాత చాలా రాష్ట్రాలు అదే బాట పట్టాయి.

అమెరికాలో చదువుకుంటున్న పిల్లలున్న తెలుగు కుటుంబాలెన్నో. 'తిన్నావా, నిద్రపోయావా' అని అడిగే ఫోన్లలోనే ఈ ముక్కా చెప్పొచ్చు... 'ఎవరిచ్చినా ఊరూపేరూ లేని మాత్ర వేసుకోకు. పక్కవాడు లేవకపోతే ఆలోచించకుండా 911కి ఫోన్ చెయ్యి' అని. మన దగ్గరైతే ప్రాణాపాయంలో 108, అలవాటు మాన్పించడానికి సలహా కావాలంటే 14446 ఉన్నాయి. పిల్లలు తప్పు చేశాక కూడా ఇంటికి ఫోన్ చేయగల ధైర్యం వాళ్లకుండాలి. ఆ ధైర్యమివ్వాల్సింది మాత్రం పెద్దలే!