ఆహారం, పేగు బాక్టీరియా, పెద్దపేగు కాన్సర్

మానవుని పెద్దపేగులో నివసించే సూక్ష్మజీవులలో అత్యధిక భాగం బాక్టీరియాలే కనుక వీటిని సాధారణంగా పేగు బాక్టీరియా అని వ్యవహరిస్తారు. తిన్న ఆహారంలో చిన్నపేగులో జీర్ణం కాకుండా మిగిలినదే వీటికి ముఖ్యమైన ఆహారం. ఆ మిగులును బట్టి ఇవి తయారుచేసే రసాయనాలు మారుతాయి. వాటిలో కొన్ని పేగు గోడను పోషిస్తాయి, కొన్ని గాయపరుస్తాయి. పెద్దపేగు, పురీషనాళాలకు వచ్చే కాన్సర్‌కు ఆహారంతో గల సంబంధంలో గణనీయమైన భాగం ఈ రసాయనాల వలననే అని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. 2022 అంచనాల ప్రకారం ఆ ఒక్క సంవత్సరంలో ప్రపంచవ్యాప్తంగా సుమారు 19 లక్షల మందికి ఈ వ్యాధి కొత్తగా సోకగా, సుమారు 9 లక్షల మంది మరణించారు.

పేగులోని బాక్టీరియా

మనిషి శరీరంలో కణాలకన్న బాక్టీరియాలు పదిరెట్లు ఎక్కువ అని చాలా పుస్తకాలలో కనిపిస్తుంది. ఇది సరికాదు. 2016లో వేసిన లెక్క ప్రకారం 70 కిలోల బరువున్న పురుషునిలో సుమారు 38 లక్షల కోట్ల బాక్టీరియాలు ఉంటాయి. శరీర కణాల సంఖ్య కూడా దాదాపు అంతే. ఈ బాక్టీరియాలన్నిటి బరువు కలిపితే 200 గ్రాములకు మించదు.

పెద్దపేగులో ఆమ్లజని దాదాపు ఉండదు. అందువలన అక్కడి బాక్టీరియాలు ఆహారాన్ని పులియబెట్టి శక్తిని పొందుతాయి. ఇడ్లీ పిండి పులియడం కూడా ఈ కోవకు చెందిన ప్రక్రియే. పీచుపదార్థాలను, జీర్ణం కాని పిండిపదార్థాన్ని పులియబెట్టినపుడు అసిటేట్, ప్రొపియొనేట్, బ్యుటిరేట్ అనే చిన్న కొవ్వు ఆమ్లాలు పుడతాయి. వీటిలో బ్యుటిరేట్ ముఖ్యమైనది. శరీరంలోని ఇతర కణాలు రక్తంలోని గ్లూకోజు మీద ఎక్కువగా ఆధారపడితే, పెద్దపేగు లోపలి పొర కణాలు తమకు కావలసిన శక్తిలో అధికభాగాన్ని బ్యుటిరేట్ నుండే తీసుకుంటాయి. ప్రయోగశాలలో బ్యుటిరేట్ కాన్సర్ కణాల విభజనను అడ్డుకుంటుంది, వాటిని మరణించేటట్లు చేస్తుంది. పీచు అందనపుడు కొన్ని బాక్టీరియాలు పేగు గోడను కాపాడే జిగురుపొరనే తినడం ప్రారంభిస్తాయని 2016లో ఎలుకలపై జరిపిన ప్రయోగాలలో తేలింది.

కొవ్వు, మాంసం

కొవ్వును జీర్ణం చేయడానికి కాలేయం పైత్యరసాన్ని స్రవిస్తుంది. అందులోని ఆమ్లాలలో అధికభాగం తిరిగి రక్తంలోకి చేరుతుంది. మిగిలిన కొద్దిపాటి పెద్దపేగుకు చేరినపుడు బాక్టీరియాలు దానిని డీఆక్సీకోలిక్ ఆమ్లం వంటి ద్వితీయ పైత్య ఆమ్లాలుగా మారుస్తాయి. ఇవి పేగు కణాలను దెబ్బతీస్తాయి. కొవ్వు ఎక్కువగా తినేవారిలో వీటి పరిమాణం కూడా ఎక్కువ.

2015లో అంతర్జాతీయ కాన్సర్ పరిశోధన సంస్థ సాసేజి, బేకన్ వంటి శుద్ధిచేసిన మాంసాన్ని కాన్సర్ కారకాల మొదటి వర్గంలోను, గొడ్డుమాంసం, మేకమాంసం వంటి ఎర్ర మాంసాన్ని బహుశా కాన్సర్ కారకమైన వర్గంలోను చేర్చింది. రోజూ 50 గ్రాముల శుద్ధిచేసిన మాంసం తింటే పెద్దపేగు కాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని ఆ సంస్థ అంచనా. పొగాకు కూడా ఆ మొదటి వర్గంలోనే ఉన్నందున రెండూ సమానమైన ప్రమాదమని కొందరు పొరబడ్డారు. ఈ వర్గీకరణ సాక్ష్యం ఎంత బలంగా ఉందో చెబుతుంది గాని ముప్పు ఎంత పెద్దదో చెప్పదు.

బర్కిట్ సిద్ధాంతం, ఆహార మార్పిడి ప్రయోగం

ఉగాండాలో శస్త్రవైద్యునిగా పనిచేసిన డెనిస్ బర్కిట్ (1911-1993), ఆఫ్రికా గ్రామీణులలో పెద్దపేగు కాన్సర్ అరుదుగా ఉండడాన్ని వారు తినే పీచుతో ముడిపెట్టి 1971లో ఒక వ్యాసం ప్రచురించాడు. మలం త్వరగా బయటకు పోవడం వలన హానికర పదార్థాలు పేగు గోడను తాకే కాలం తగ్గుతుందని ఆయన వాదన. అయితే ఆఫ్రికా గ్రామాలకు, పాశ్చాత్య నగరాలకు పీచు ఒక్కటే కాక ఇంకా ఎన్నో తేడాలున్నాయి కనుక ఈ వాదన చాలాకాలం పరికల్పనగానే మిగిలింది.

పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన స్టీఫెన్ ఓకీఫ్ బృందం 2015లో ప్రచురించిన ప్రయోగం దీనిని మరోవిధంగా పరీక్షించింది. 20 మంది ఆఫ్రికన్ అమెరికన్లు, దక్షిణాఫ్రికా గ్రామాలకు చెందిన 20 మంది రెండు వారాలపాటు ఒకరి తరహా భోజనం మరొకరు తిన్నారు. మొదటివారిలో ఈ కాన్సర్ లక్షకు 65 మందికి వస్తుండగా, రెండవవారిలో అయిదుగురికన్న తక్కువ. అమెరికన్లకు రోజుకు 14 గ్రాములుగా ఉన్న పీచు 55 గ్రాములకు పెరిగింది. దక్షిణాఫ్రికా వారికి 66 నుండి 12 గ్రాములకు తగ్గింది, కొవ్వు మూడురెట్లకు పైగా పెరిగింది.

పద్నాలుగు రోజులలోనే ఫలితాలు తారుమారయ్యాయి. అమెరికన్లలో బ్యుటిరేట్ రెండున్నర రెట్లయింది, ద్వితీయ పైత్య ఆమ్లాలు 70 శాతం తగ్గాయి, పేగు పొరలో వాపు, కణవిభజన వేగం తగ్గాయి. దక్షిణాఫ్రికా వారిలో బ్యుటిరేట్ సగానికి పడిపోయింది, మిగిలినవన్నీ పెరిగాయి. ఇక్కడ కొలిచినవి ముప్పుకు సూచికలు మాత్రమే. కాన్సర్ ఏర్పడడానికి సాధారణంగా పదేళ్ళకు పైగా పడుతుంది.

అనుమానిత బాక్టీరియాలు

నోటిలో నివసించే ఫ్యూసోబాక్టీరియం న్యూక్లియేటమ్ పెద్దపేగు కంతులలో అధికంగా ఉన్నట్లు 2012లో రెండు బృందాలు వేర్వేరుగా కనుగొన్నాయి. ఎషరీషియా కోలైలో కొన్ని రకాలు కోలిబాక్టిన్ అనే విషాన్ని తయారుచేస్తాయి. ఆ విషం డి.ఎన్.ఎ.పై వదిలే ప్రత్యేకమైన ముద్ర కొందరి కాన్సర్ కణాలలో కనిపించిందని 2020లో వెల్లడైంది. చిన్న వయసువారిలో ఈ వ్యాధి అనేక దేశాలలో పెరుగుతున్నందున ఈ పరిశోధనలకు ప్రాధాన్యం హెచ్చింది.

పరిమితులు

పీచు ఎక్కువ, కొవ్వు తక్కువ ఉన్న ఆహారం ఇచ్చినా తొలగించిన కంతులు మళ్ళీ రావడం తగ్గలేదని 2000లో ప్రచురితమైన ఒక పెద్ద అమెరికన్ పరీక్షలో తేలింది. వంశపారంపర్య ముప్పు (లించ్ సిండ్రోమ్) ఉన్నవారికి రోజుకు 30 గ్రాముల జీర్ణం కాని పిండిపదార్థం ఇచ్చిన పరీక్ష ఫలితాలు 2022లో వెలువడ్డాయి. పెద్దపేగు కాన్సర్ తగ్గలేదు గాని, ఇతర అవయవాల కాన్సర్లు తగ్గాయి. వండిన అన్నం చల్లారినపుడు ఈ రకపు పిండిపదార్థం కొంత పెరుగుతుంది. చద్దన్నం కాన్సర్‌ను నివారిస్తుందనే ప్రచారానికి ఇంతకుమించిన ఆధారం లేదు. తవుడు తీసిన తెల్ల బియ్యంకన్న దంపుడు బియ్యం, జొన్నలు, రాగులు, కందిపప్పు వంటివాటిలో పీచు ఎక్కువన్నది మాత్రం నిస్సందేహం.

ఆహారం ఏదైనా, మలంలో రక్తం కనిపిస్తే మొలలని సరిపెట్టుకోకుండా వైద్యుని సంప్రదించాలి. కంతులను కొలొనోస్కోపీ ద్వారా గుర్తించి, కాన్సర్‌గా మారకముందే తొలగించవచ్చు. అమెరికాలో సాధారణ ముప్పు గలవారికి ఈ పరీక్షలు ప్రారంభించవలసిన వయసును 2021లో 50 నుండి 45 సంవత్సరాలకు తగ్గించారు.