నొప్పి లేదని ఊరుకోవద్దు: కన్నీటి గ్రంథి, నాళాల గడ్డలు

తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో పనిచేసేవారికి కళ్ళ వెంట నీళ్ళు కారడం వింత కాదు. ఘాటు తగిలితే రెండు కళ్ళూ కారతాయి, బయటికి వస్తే ఆగిపోతాయి. కానీ ఏ ఘాటూ లేకుండా ఒక్క కన్నే నెలల తరబడి కారుతుంటే? పై రెప్ప చివర గడ్డ ఒకటి మెల్లగా పెరుగుతుంటే? ఏలూరు సంఘాల్లోనూ, కొల్లేరు లంక గ్రామాల్లోనూ ఇలాంటి వారిని అడిగితే, "నొప్పి లేదు కదండీ, అదే పోతుంది" అంటారు. ఆ మాట ఎందుకు ప్రమాదమో ఈ వారం చెప్పదలచాము.

కన్నీరు పుట్టే చోటు వేరు, పోయే దారి వేరు. కంటికి పైన, కణత వైపు, ఎముక గుంటలో బాదం గింజంత గ్రంథి ఉంటుంది. అక్కడ ఊరిన నీరు కంటిని తడిపి, ముక్కు వైపు రెప్పల అంచున ఉన్న సన్నని రంధ్రాల గుండా కన్నీటి తిత్తిలోకి, అక్కడి నుంచి నాళం ద్వారా ముక్కులోకి దిగుతుంది. ఏడ్చినప్పుడు ముక్కు కూడా కారేది అందుకే.

గ్రంథిలో పుట్టే కేన్సర్ కాని కణితుల్లో ముఖ్యమైనది ప్లియోమార్ఫిక్ ఎడినోమా. ఎక్కువగా నడివయస్సులో వస్తుంది. నొప్పి ఉండదు, ఏడాదికి పైగా నిదానంగా పెరుగుతుంది. కనుగుడ్డును కిందికి, ముక్కు వైపుకు నెట్టి ముందుకు తోస్తుంది. ఇంట్లోవారు రోజూ చూసే ముఖమే కాబట్టి మార్పు పట్టుకోలేరు. పాత పెళ్ళి ఫోటో పక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

కేన్సర్ కాదన్నారు కదా, ఉంచేస్తే ఏమిటని అడగవచ్చు. ఈ కణితి ఒక పొర లోపల ఉంటుంది. ఏళ్ళ తరబడి వదిలేస్తే కొందరిలో కేన్సర్‌గా మారుతుంది. పొర చిట్లి కొంత లోపలే మిగిలితే, ఎన్నో ఏళ్ళ తరువాత కూడా మళ్ళీ పెరగవచ్చు. అందుచేత సీటీ స్కాన్‌లో ఇదేనని అనుమానం కలిగితే వైద్యులు సాధారణంగా ముక్క తీసి పరీక్షకు పంపరు. పొరతో సహా మొత్తం ఒకేసారి తీస్తారు. మొదటి ఆపరేషనే సరిగా జరగాలి. సూదితో పొడిపించుకోవడం, పసరు కట్టు కట్టించుకోవడం వద్దు.

గ్రంథి వాచిన ప్రతిసారీ అది కణితే కానక్కరలేదు. నీటి తిత్తి కావచ్చు, మందులతో తగ్గే వాపు కావచ్చు. అయితే నొప్పితో, కొద్ది నెలల్లోనే పెరిగే గడ్డ కేన్సర్ కావచ్చు. దానికి ఒక్క వారం కూడా ఆగకూడదు.

ఇక నాళం సంగతి. కన్ను కారడానికి ఎక్కువసార్లు కారణం కణితి కాదు, దారి మూసుకుపోవడం. పసిబిడ్డల్లో చాలామందికి వైద్యులు నేర్పిన మర్దనాతో మొదటి ఏడాదిలోనే అది తెరుచుకుంటుంది. పెద్దవారికి ఆపరేషన్‌తో కొత్త దారి చేస్తారు. తిత్తిలో కణితులు అరుదు. పాపిలోమా వంటివి కేన్సర్ కాకపోయినా, తిత్తి కణితుల్లో కేన్సర్ పాలు తక్కువేమీ కాదు. కన్నీటిలో రక్తం కనబడినా, కంటి లోపలి మూలకు పైగా గట్టి గడ్డ తగిలినా వెంటనే చూపించాలి. చెరువుల్లో మునిగి పనిచేసేవారు రైనోస్పోరిడియోసిస్ అనే పేరు కూడా తెలుసుకోవాలి. నిలవ నీటి స్నానాలతో ముడిపడినదిగా చెప్పే ఈ జబ్బు భారతదేశంలో, శ్రీలంకలో ఎక్కువ. ముక్కులోను, ఒక్కోసారి కన్నీటి తిత్తిలోను కండ పెరిగి రక్తం కారుతుంది. ఇది కేన్సర్ కాదు, ఒకరి నుంచి ఒకరికి అంటదు. ఆపరేషన్ చేసి తీస్తారు.

ఎక్కడికి వెళ్ళాలి? మొదట ఏలూరులో కంటి డాక్టరుకు చూపించండి. గడ్డ అని తేలితే కనురెప్పలు, కంటిగూడు ఆపరేషన్లలో ప్రత్యేక శిక్షణ పొందినవారి దగ్గరకు వెళ్ళాలి. విజయవాడ దగ్గర తాడిగడపలో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. హైదరాబాదులోని ఆ సంస్థలో కన్నీటి వ్యవస్థకే ప్రత్యేక విభాగం ఉంది. అక్కడి డాక్టర్ మహమ్మద్ జావేద్ అలీకి 2019లో శాంతి స్వరూప్ భట్నాగర్ పురస్కారం లభించింది.

సంఘ పెద్దలకు ఒక మనవి. కూలి పోతుందని, తోడు లేదని ఆగిపోయేవారు మన మధ్య ఉన్నారు. వారి కోసం ప్రార్థన చేస్తున్నాము, మంచిదే. వారితో పాటు బస్సు ఎక్కేవారు కూడా ఒకరు కావాలి. వెళ్ళేటప్పుడు పాత ఫోటో ఒకటి తీసుకువెళ్ళండి. డాక్టరుకు పనికి వస్తుంది.